పదముగ్గురి కప్పు, నా ఒంటి తుమ్ము

నా ముక్కు మీద నాకెప్పుడూ గౌరవం లేదు. జగిత్యాలలో ఎవరింట్లో మంచి పని మొదలైనా నన్ను ముందుగా పెరట్లోకి పంపేవారు. పెళ్లిచూపులకు బండి కదిలేటప్పుడు, కొత్త ఇంటికి ముగ్గు పోసేటప్పుడు, విత్తనాలు బయటికి తీసేటప్పుడు నేను తుమ్మిన తుమ్ములు ఇన్నీ అన్నీ కావు. నాకు దుమ్ము పడదు. మా వైపు ఎవరైనా ఒక్కసారి తుమ్మితే చేసే పని ఆపాలి, కాసేపు కూర్చోవాలి, నీళ్లు తాగి లేవాలి. వెంటనే రెండో తుమ్ము వస్తే ఆ దోషం పోతుంది. నాదేమో ఎప్పుడూ ఒంటి తుమ్మే. నా వల్ల మా వాడకట్టులో జనం తాగినన్ని నీళ్లు ఎండాకాలంలో కూడా తాగి ఉండరు.

అలాంటి ముక్కును పట్టుకుని పోయి పోయి ఇసుక దేశంలో పడ్డాను. తొంభైల్లో బహ్రెయిన్‌లో నేను చేసింది ఒక రగ్బీ క్లబ్బులో పని. మా మేనమామ ఊళ్లో "దుబాయిల కంపెనీల చేస్తుండు" అని చెప్పేవాడు. బహ్రెయిన్ అంటే ఎదుటివాళ్లు అదెక్కడ అని అడుగుతారు, దుబాయి అంటే అడగరు. నా పని జెర్సీలు ఉతకడం, మైదానం మీద సుద్దపొడితో గీతలు గీయడం, ఆటగాళ్లకు నీళ్ల సీసాలు అందించడం, దెబ్బ తగిలిన చోట ఐసు సంచీ పెట్టడం. మా అక్క చుక్కల ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని చూసినవాణ్ని కాబట్టి నా గీతలు ఎక్కడా వంకర పోయేవి కావు.

రగ్బీలో పదిహేనుమంది ఆడేది ఒకటుంది, పదముగ్గురు ఆడేది ఒకటుంది. రెండోదాన్ని రగ్బీ లీగ్ అంటారు. మాది అదే. పదమూడు మంచి అంకె కాదని దొరలే అంటారు, హోటళ్లలో పదమూడో నంబరు గది కూడా పెట్టుకోరు, ఆటకు మాత్రం సరిగ్గా పదముగ్గురినే దింపుతారు. బంతి కోడిగుడ్డును సాగదీసినట్టుంటుంది. మనిషి ముందుకు పరుగెత్తాలి, బంతిని మాత్రం వెనక్కే విసరాలి. పట్టుకుని పరుగెత్తేవాణ్ని అవతలివాళ్లు మీదపడి కింద కూలేస్తారు. ఆరుసార్లు అలా కూలాక బంతిని అవతలివాళ్లకు అప్పజెప్పాలి. కూలకుండా చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు, పాయింట్లు వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు, వీళ్లకు ఇంటి దగ్గర చెప్పేవాళ్లెవరూ లేరా అనుకున్నాను.

మా కెప్టెన్ హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఫోర్‌మన్. ఇంగ్లండులో ఉత్తరాన ఎక్కడో బొగ్గుగనుల ఊరు ఆయనది. ముప్పై ఎనిమిదేళ్లు. భార్య, ఇద్దరు కూతుళ్లు అక్కడే. ఆయన ముక్కు మూడుసార్లు విరిగి, మూడు వేర్వేరు దిక్కులకు అతుక్కుంది. తొమ్మిదేళ్లుగా ఈ జట్టుకే ఆడుతున్నాడు. ఆ తొమ్మిదేళ్లలోనే కాదు, అంతకుముందు కూడా మా క్లబ్బు కప్పు గెలిచిన పాపాన పోలేదు. ద్వీపంలో ఆరు జట్లుండేవి. లీగ్‌లో మొదటి నాలుగింటికే సెమీఫైనల్. మేం ఐదో స్థానంలో వస్తే ఆ సాయంత్రం విందు చేసుకునేవాళ్లం.

ఇక మా బస్సు నడిపే భాయ్. ఆయనది కోరుట్ల. మా ఊరికి పక్క ఊరే. మహూజ్ అనే పేటలో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. నాకంటే పదేళ్లు పెద్ద, నన్ను తమ్మీ అని పిలిచేవాడు. వంట ఆయనది, తిట్లు తినడం నాది.

ఆ ఏడు నాకు పెళ్లి కుదిరింది. పిల్ల మా మేనమామ కూతురే. క్లబ్బు నియమం ఏమిటంటే సీజన్ ముగిసిన మర్నాడే నాకు సెలవు. అప్పటిదాకా పాస్‌పోర్టు సెక్రెటరీ గారి బీరువాలో ఉంటుంది. మా జట్టు ఏటా జనవరిలోనే ఇంటిముఖం పడుతుంది గనుక ధైర్యంగా మాఘమాసంలో ముహూర్తం పెట్టించమన్నాను. పంచాంగం మీద కూడా నాకు అంత నమ్మకం లేదు, మా వాళ్లు ఓడిపోతారన్న దాని మీద ఉంది.

మొదటి మ్యాచ్ రోజు, శుక్రవారం మధ్యాహ్నం, అందరూ బస్సెక్కారు. నేను ఆఖరి సంచీ పైకి అందించి, గేటు దగ్గర లేచిన ఇసుకకు ఒక్క తుమ్ము తుమ్మాను. భాయ్ టక్కున ఇంజన్ ఆపాడు. తాళంచెవి జేబులో వేసుకుని, కిందికి దిగి, మెట్టు మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చుని సీసా మూత తీశాను. ఇద్దరికీ ఇందులో వింతేమీ కనబడలేదు. లోపల పదముగ్గురు దొరలు కిటికీల్లోంచి మెడలు బయటపెట్టి చూస్తున్నారు.

"బండి చెడిపోయిందా?" అన్నాడు కెప్టెన్.

"నో, నో. హిజ్ నోస్," అన్నాడు భాయ్. తర్వాత తనకొచ్చిన ఇంగ్లీషులో సంగతంతా విప్పి చెప్పాడు. సిట్. వాటర్. దెన్ గో.

తిడతాడనుకున్నాను. కెప్టెన్ ఒక నిమిషం ఆలోచించి, జట్టు వైపు తిరిగి, "ఇన్నేళ్లు మన పద్ధతిలో పోయి చూశాం గదా" అన్నాడు. అందరూ కూర్చున్నారు, నీళ్లు తాగారు, పోయారు, గెలిచారు. ఏడాదంతా ఒక్క మ్యాచ్ గెలవడమే గొప్ప అయిన జట్టు మొదటి రోజే గెలిచింది.

రెండో శుక్రవారం బస్సు స్టార్ట్ చేయకుండానే అందరూ నా వైపు చూశారు. నాకు ఒళ్లు మండింది. పుట్టినప్పటినుంచి ఈ ముక్కు వల్ల పెరట్లోకి వెళ్లినవాణ్ని, ఇప్పుడు దీన్ని నమ్ముకుని ఒక బస్సు ఆగి ఉంది. కోపంతో కాలు నేలకేసి తన్నాను. ఇసుక లేచింది. తుమ్మాను. కూర్చున్నారు, తాగారు, గెలిచారు. మూడో వారం నుంచి అది ఆచారమైపోయింది. క్లబ్బు డాక్టరు నాకిచ్చిన తుమ్ముల గోళీలను కెప్టెన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. "సీజన్ అయ్యాక ఇస్తాను" అన్నాడు. పాస్‌పోర్టు ఒకరి దగ్గర, గోళీలు ఒకరి దగ్గర. నా దగ్గర మిగిలింది ముక్కొక్కటే.

నాలుగు గెలిచాక భాయ్ అన్నం తింటూ అడిగాడు, "తమ్మీ, వీళ్లు గిట్లనే గెలుసుకుంట పోతె నీ షాదీ ఎట్ల?"

అప్పటిదాకా నాకు తట్టలేదంటే నమ్మండి. ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాను. ఇంటికి ఫోన్ చేసి ముహూర్తం ఫాల్గుణానికి జరపమన్నాను. మామయ్య సరే అన్నాడు. జనవరి పోయింది, మేం పోలేదు. లీగ్‌లో రెండో స్థానం. సెమీఫైనల్‌కు వచ్చేశాం. సెమీఫైనల్ ఒక శుక్రవారం, ఫైనల్ దాని తర్వాతి శుక్రవారం. పెద్దలు పెట్టిన కొత్త ముహూర్తం సరిగ్గా ఆ రెండో శుక్రవారం పొద్దున పది దాటాక.

మళ్లీ ఫోన్ చేశాను. మామయ్య ఒక్కసారిగా నా మీద లేచాడు.

"ఇంకోపారి జరుపుమంటె పంతులుకు ఏ మొకం పెట్టుకొని జెప్పాలె అల్లుడా? పిలగాడు ఎవలయో బట్టలు పిండుడు అయినంక వస్తడని జెప్పాల్నా? ధర్మపురోళ్లు వాళ్ల పిలగానికి మన పిల్లను ఇంక అడుగుతనే ఉన్నరు. ఆ శుక్రారం పీటల మీద నువ్వు లేకుంటె నేను వాళ్లకు మాటిచ్చేస్త."

అన్నంత పనీ చేసే మనిషి ఆయన. ఎడ్ల బేరంలో కూడా మాట వెనక్కి తీసుకున్న రోజు లేదు.

ఆ వారంలోనే ఊరినుంచి వచ్చిన ఒకాయన చేతికిచ్చి మా మరదలు క్యాసెట్ పంపింది. అప్పట్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఉత్తరం రాసేకంటే క్యాసెట్‌లో మాట్లాడి పంపడమే వాడుక. నా టూ ఇన్ వన్‌లో పెట్టుకుని, భాయ్ స్నానానికి పోయాక విన్నాను. ఒకవైపే మాట్లాడింది, రెండోవైపు ఖాళీ.

"బావా, మంచిగున్నవా. ఈడ అందరం మంచిగున్నం. బర్రె ఈనింది," అని మొదలుపెట్టింది. తర్వాత కాసేపు వట్టి గరగర. "వాళ్లు ఓడిపోతె నువ్వొస్తవంట గద. మరి ఓడిపొమ్మను. నీకు జెప్పరాకుంటె నాకు ఫోన్ ఇయ్యి, నేనే జెప్త. ఇల్లు లేదా వాళ్లకు? పెండ్లం పిల్లలు లేరా? ఆ బంతి పట్టుకొని ఆడనే ఉరుకుడేంది? గంత ఉరుకుడు ఉరికితె ఇంటికే పోవచ్చు గద. నాయిన మాటకైతె నేను ఎదురు జెప్పలేను బావా. నువ్వు రా. గంతే."

ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆమెకు కోపం వస్తే గొంతు సన్నగా అవుతుంది. చివరి "గంతే" దగ్గర దారమంత అయింది. ఆమెను పోగొట్టుకోలేనని ఆ టేపు విన్నాకే నాకు తెలిసింది. అంతవరకు కుదిరిన పెళ్లి కదా అనుకున్నాను, అంతే.

సెమీఫైనల్ ముందురోజు మహూజ్‌లో మందులషాపుకు పోయి గోళీల పట్టీ కొన్నాను. మర్నాడు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేసుకున్నాను. జన్మలో మొదటిసారి నా ముక్కు రెండు రంధ్రాలూ తెరుచుకుని, గాలి హాయిగా లోపలికి పోయింది.

బస్సు దగ్గర అందరూ వేచి ఉన్నారు. ఇసుక తన్నాను. ఏమీ లేదు. కెప్టెన్ స్వయంగా వంగి గుప్పెడు ఇసుక తీసి నా ముఖం ముందు ఊదాడు. నాకు దాని వాసన కూడా బాగుంది. భాయ్ నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"తుమ్ము తమ్మీ," అన్నాడు.

"వస్తలేదు భాయ్."

చివరికి తుమ్ము లేకుండానే కూర్చున్నారు, నీళ్లు తాగారు. జుఫైర్ పేట జట్టుతో ఆట. సగం ఆట అయ్యేసరికి పదహారు, సున్నా. సున్నా మాది. నేను అనుకున్నట్టే జరుగుతోంది గదా, మరి సంతోషం రావాలి గదా? రాలేదు.

విరామంలో కెప్టెన్ వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది. ఐసు సంచీ పెట్టి పట్టుకున్నాను.

"తొమ్మిదేళ్లు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "ప్రతి ఏడూ మా ఆవిడకు ఇదే ఆఖరు అని రాశాను. ఈసారి తనే రాసింది. ఇప్పుడు రాకపోతే ఇక రానక్కర్లేదంది. పోతాను. కానీ ఇన్నేళ్లు అక్కడ ఏం చేశావని పిల్లలు అడిగితే ఏం చూపించాలి? ఈ కనుబొమ్మనా?"

ఆ మనిషి అలా అడుగుతుంటే నాకు నా మీద అసహ్యం వేసింది. నన్నూ రేపు అదే అడుగుతారు. నేను ఏం చెప్తాను? గోళీ వేసుకున్నానని చెప్పనా? ఐసు సంచీ ఆయన చేతికిచ్చి, గీతల సుద్దపొడి బస్తా దగ్గరికి పోయి, తల మెడదాకా అందులో పెట్టి, ఊపిరి గట్టిగా లోపలికి లాగాను.

ఆ తుమ్ము జుఫైర్ దాకా వినబడి ఉంటుంది. తెల్లటి ముఖంతో పైకి లేచేసరికి మా జట్టంతా, ఎవరూ చెప్పకుండానే, ఉన్నచోట ఉన్నట్టు నేల మీద కూర్చుంది. సీసాలు చేతులు మారుతున్నాయి. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. ఇంతలో నాకు రెండోది రాబోయింది. జన్మంతా ఎదురుచూసిన రెండో తుమ్ము అప్పుడే రావాలా! అది వస్తే మొదటిది రద్దు. రెండు చేతులతో ముక్కు మూసుకుని, కళ్లు బయటికొచ్చేలా బిగబట్టాను. భాయ్ పరుగున వచ్చి నా చేతుల మీద తన చేతులు కూడా వేసి నొక్కాడు. ఊపిరాడక చస్తాననుకున్నాను గాని తుమ్మలేదు.

పద్దెనిమిది, పదహారు. పద్దెనిమిది మాది.

జట్టు నన్ను భుజాలకెత్తుకుంది. పైన కూర్చుని ఏడ్చాను. ఆనందంతో ఏడుస్తున్నానని ఇంకా గట్టిగా ఎగరేశారు.

ఆ సాయంత్రం జెర్సీలు నానబెడుతుంటే కెప్టెన్ వచ్చాడు. భాయ్ ఆయనకు పెళ్లి సంగతి, ముహూర్తం సంగతి అన్నీ చెప్పేశాడట. దాచడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. గోళీల సంగతి నేనే చెప్పాను. ఆయన తడి బూటు తీసి గోడకేసి కొట్టాడు. గోడ మీద బురద అచ్చు పడింది. అది తర్వాత నేనే తుడిచాను.

"మమ్మల్ని ఓడించాలనుకున్నావా?"

"అవును సార్."

"నీ పెళ్లి కోసం?"

"అవును సార్."

బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. బకెట్ కిర్రుమంది. "నేనూ తొమ్మిదేళ్ల క్రితమే ఆ గోళీ వేసుకోవాల్సింది" అన్నాడు.

సోమవారం ఆయన సెక్రెటరీ గారి గదికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. సీజన్ ముగిశాక గదా సెలవు అన్నారు సెక్రెటరీ గారు. "ఇతని సీజన్ ముగిసింది" అన్నాడు కెప్టెన్. ఇంకేమీ అనలేదు, అరవలేదు. ఆ బల్లకు ఎదురుగా నిలబడ్డాడు, అంతే. ఆయన నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. పావుగంటకు బీరువా తెరుచుకుంది.

మంగళవారం విమానానికి మూడు గంటలుందనగా భాయ్ తల పట్టుకున్నాడు. "నువ్వు పోతె తుమ్ము ఎవడు తుమ్మాలె?" అసలు సంగతి అందరం మరిచాం. ఉపాయం కూడా ఆయనదే. నా టూ ఇన్ వన్‌లో తుమ్ము రికార్డు చేసి, శుక్రవారం బస్సులో వేయాలి. ఖాళీ క్యాసెట్లు అప్పటికే పెట్టెలో అడుగున సర్దేశాను. పెట్టె చుట్టూ తాడు కట్టేశాను. దాన్ని విప్పడమంటే మళ్లీ అరగంట. చేతికందింది మరదలి క్యాసెట్ ఒక్కటే. ఖాళీ వైపు పెట్టి, ఎర్ర మీట నొక్కి, పేపర్ పొట్లంలో తెచ్చిన సుద్దపొడి పీల్చాను. మొదటిసారి తుమ్ముకు బదులు దగ్గొచ్చింది. రెండోసారి పక్కగదివాడు తలుపు తట్టాడు. మూడోసారి కుదిరింది. తుమ్ము, దాని వెనకాల భాయ్ గొంతు, "ఖలాస్! యల్లా!" అరబ్బీలో అయిపోయింది, ఇక పదండని.

బొంబాయి దాకా విమానం, అక్కడినుంచి జగిత్యాల బస్సు. గురువారం మాపటికి ఇంట్లో ఉన్నాను. మామయ్య నన్ను చూసి పలకరించకుండానే, "ముక్కు ఎట్లున్నది?" అన్నాడు. శుక్రవారం పొద్దున లేవగానే గోళీ వేసుకున్నాను. ఈసారి దొంగతనంగా కాదు, అందరి ముందు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు బంధువులంతా వధువును వదిలేసి నా ముక్కు వైపే చూశారు. అది పరువు నిలబెట్టింది.

మర్నాడు ఇద్దరం బస్టాండు దగ్గర ఫోన్ బూత్‌కు పోయాం. క్లబ్బుకు చేస్తే భాయ్ ఎత్తాడు.

"గెల్చినం తమ్మీ! కప్పు మనదే!"

నేను బూత్‌లోనే ఎగిరాను. తల పైకప్పుకు తగిలింది. "నా తుమ్ము మంచిగ వినపడ్డదా భాయ్?"

"ఏడి తుమ్ము? హడావిడిల క్యాసెట్ ఉల్టా పెట్టిన. నీ మరదలు గొంతొచ్చింది. బందు జేద్దామంటె ఆ బటన్ ఇరుక్కపోయింది. మొత్తం ఇన్నరు. మంత్రమనుకున్నరు తమ్మీ, ఒక్కడు కదల్లే. బర్రె ఈనిన కాడ ఒకడు తలకాయ గూడ వంచిండు."

"కెప్టెన్ ఏమన్నడు?"

"ఏమంటాంది అని అడిగిండు. నేనేం జెప్పాలె? ఓడిపొమ్మంటాందని జెప్తనా? ఇంటికి రమ్మంటాంది అని జెప్పిన. మల్లొక్కపారి పెట్టుమన్నడు. ఇన్నడు. నీళ్లు తాగిండు, యల్లా అన్నడు. ఆఖరి ట్రై ఆయనదే. ఉరికిండు సూడు తమ్మీ, గీత దాటినంక గూడ ఆగలే, బంతి నేల మీద పెట్టి మల్ల లేసి పార్కింగు దాక ఉరికిండు. ఎల్లుండి ఫ్లైటంట, ఇగ రాడంట. క్యాసెట్ అడిగితె ఇచ్చిన. ఏమనుకోకు."

ఫోన్ పెట్టేసి నుదురు రుద్దుకుంటుంటే మా ఆవిడ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిలుపు నాకే ఇంకా అలవాటు కాలేదు.

"ఏమాయె?" అంది.

అంతా చెప్పాను. పదముగ్గురు పరాయి మగవాళ్లు తన గొంతు విన్నారనేసరికి ముఖం ఎర్రబడింది. "నేను ఓడిపొమ్మంటి గద," అంది.

"వాళ్లకు మన మాట సమజ్ కాలేదు."

బూత్ తలుపు తీసింది.

"ఒక్కనికైతె సమజైంది గద," అంది. "ఇంటికి పోతుండు."